పాలు మాన్పిన దూడలను చలికాలంలో తక్కువ ఖర్చుతో, తక్కువ పనితో మేపడం ఎలా?

చేవెళ్ల పాడి:

అందరికీ నమస్కారం. మాకు చేవెళ్ల దగ్గర కొద్దిపాటి పొలం, ముర్రా గేదెల కొట్టం ఉన్నాయి. ఈ ఏడు పాలు మాన్పిన పెయ్య దూడలు ఎనిమిది నిలిచాయి. వాటిలో చిన్నది నాలుగు నెలలది, పెద్దది పది నెలలది. టేపు కొలతను బట్టి 70 కిలోల నుంచి 150 కిలోల దాకా తూగుతాయి. నేను పగలంతా గచ్చిబౌలిలో ఉద్యోగంలో ఉంటాను. కొట్టం పని అమ్మానాన్నలే చూసుకుంటారు గాని, వారికి ఇప్పుడు గడ్డి మోపులు ఎత్తే ఓపిక లేదు. పాలిచ్చే గేదెలకు పెట్టిన కూలీయే పాల డబ్బులో పెద్ద భాగం పట్టుకుపోతుండగా, ఇంకా రూపాయి ఆదాయం లేని దూడల కోసం మరో మనిషిని పెట్టడం మాకు గిట్టుబాటు కాదు.

వరికోతలు అయిపోయాయి కనుక యంత్రంతో కట్టలు కట్టించిన వరిగడ్డి కావలసినంత ఉంది. అర ఎకరం సూపర్ నేపియర్ పచ్చగడ్డి ఉన్నా, చలి మొదలైనప్పటి నుంచి దాని ఎదుగుదల మందగించింది. కోసినది పాలిచ్చే గేదెలకే చాలడం లేదు. దూడలకు వరిగడ్డి, కొంత తవుడు, కుడితి ఇస్తున్నాం. వాటి కడుపులు కిందికి వేలాడుతున్నాయి, వెన్నుపూస మాత్రం చేతికి తగులుతోంది, వెంట్రుకలు గరుకుగా లేచి ఉంటున్నాయి, రెండు దూడలైతే పొద్దస్తమానం గోడకున్న సున్నం నాకుతున్నాయి. అన్నింటికీ బస్తా దాణా పోయడం మా శక్తికి మించిన పని. వచ్చే తొలకరి దాకా వీటిని ఎలా గట్టెక్కించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్:

మీరు వర్ణించిన లక్షణాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డిని సరిగా పులియబెట్టాలంటే మేతలో కనీసం 7 శాతం ఉండాలి. అంతకంటే తక్కువైతే గడ్డి పొట్టలోనే చాలాసేపు నిలిచిపోతుంది, దూడ మళ్లీ తినలేదు, కడుపు వేలాడుతుంది, ఒళ్లు మాత్రం కరిగిపోతుంది. పైగా వరిగడ్డిలోని ఆక్సలేట్లు అనే పదార్థాలు సున్నాన్ని (కాల్షియాన్ని) పట్టేసి దూడకు అందకుండా చేస్తాయి. గోడ నాకడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, నులిపురుగులు మరో కారణం కావచ్చు.

అందువల్ల మేత మార్చడానికి ముందే పేడ పరీక్ష చేయించి నట్టల మందు తాగించండి. గేదె దూడలకు పుట్టిన కొద్ది రోజులకే ఏలిక పాముల మందు మొదలుపెట్టి, ఆరు నెలల వయసు వరకు నెలకొకసారి, ఆ తరువాత మూడు నెలలకొకసారి ఇవ్వడం మంచిది. పురుగుల కడుపులో పోసిన దాణా డబ్బు వృథాయే. పశువైద్యశాల దూరమైతే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార వైద్యశాలను అడగవచ్చు.

రెండవది, ఎనిమిదింటినీ ఒకే గాడి దగ్గర మేపకండి. ఆరు నెలల లోపువి ఒక వైపు, ఆపైవి ఒక వైపు ఉండాలి. పెద్ద దూడ ముందు చిన్న దూడ నిలబడి తినలేదు. మీరు పోసిన దాణా అంతా పెద్దవాటికే చేరుతుంది. ఖర్చు తగ్గించే పద్ధతులన్నీ పెద్దవాటికే వర్తిస్తాయి గాని చిన్నవాటి దగ్గర పొదుపు పనికిరాదు. ఆరు నెలల లోపు దూడకు ముతక గడ్డిని పూర్తిగా వాడుకునే శక్తి రాదు. దానికి రోజూ కిలో నుంచి కిలోన్నర వరకు మంచి దాణా, కాస్త పచ్చిమేత తప్పనిసరి. బస్తా దాణా ఖరీదనిపిస్తే ఇంట్లోనే కలుపుకోండి: నూటికి మొక్కజొన్న రవ్వ 40, వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) 30, గోధుమ పొట్టు 27, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. దీనిలో దాదాపు 20 శాతం మాంసకృత్తులు వస్తాయి. చెక్కకు బూజు వాసన ఉంటే, ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. అందులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ముందుగా కొట్టేది లేత దూడల కాలేయాన్నే.

మేడ్చల్ గేదెలు:

మేము నగరం చుట్టుపక్కల కొట్టాల వాళ్లందరిలాగే బీరు కర్మాగారాల నుంచి వచ్చే బార్లీ పిప్పిని వాడతాం. ఎండు లెక్కన చూస్తే అందులో 25 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి గాని, తెచ్చేది తడి సరుకు. అయిదు కిలోల పిప్పిలో నాలుగు కిలోలు నీళ్లే. కాబట్టి బండి కిరాయి కలుపుకొని లెక్క వేయండి. చలికాలంలో నాలుగైదు రోజులు నిలుస్తుంది, ఎండలు ముదిరాక రెండు రోజులకే పుల్లగా మారి పైన తెల్లటి బూజు కడుతుంది. ఎనిమిది దూడల కోసం ట్రాలీ దింపుకుంటే సగం పారబోయవలసి వస్తుంది. పక్క కొట్టం వాళ్లతో పంచుకుంటేనే గిట్టుబాటు. పెద్ద దూడలకు రెండు మూడు కిలోలు ఇవ్వవచ్చు. చిన్నవాటికి మేము పెట్టం.

తాండూరు మెట్ట:

చేవెళ్ల నుంచి మా వైపు రావడం పెద్ద దూరం కాదు కనుక చెబుతున్నాను. డిసెంబరు, జనవరి నెలల్లో కంది నూర్పిళ్లు జరుగుతాయి. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తాండూరు కందికి అందరూ ధర అడుగుతారు గాని, నూర్పిడి అయ్యాక కళ్లంలో మిగిలే పొట్టును అడిగేవారు తక్కువ. గుల్లలు, రాలిన ఆకు, విరిగిన పప్పు కలిసి ఉన్న పొట్టును దూడలు వరిగడ్డి వదిలేసి మరీ తింటాయి. కట్టె లేకుండా, గుల్లా ఆకూ ఉన్న పొట్టునే చూసి తీసుకోండి, కళ్లం ఊడ్చిన మట్టి కలవకుండా జల్లించమనండి.

దానికంటే మంచిది పల్లికట్టె. యాసంగి వేరుశనగ జనవరి, ఫిబ్రవరిలో పీకుతారు. నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు కట్టె విరివిగా దొరుకుతుంది. ఆకు రాలకుండా నీడలో ఆరిన కట్టెలో మాంసకృత్తులు వరిగడ్డికి రెండింతలకు పైగానే ఉంటాయి. ఎండలో పది రోజులు పడేసిన కట్టెలో ఆకంతా పొడై పోయి పుల్లలే మిగులుతాయి. అది కొనడం దండగ. చేతిలోకి తీసుకుని నలిపినప్పుడు ఆకుపచ్చని పొడి అరచేతికి అంటితే ధర మాట్లాడండి.

ఘట్‌కేసర్ కొట్టం:

మీ దగ్గర వరిగడ్డి ఉందన్నారు గనుక దాన్ని బాగుచేసుకునే దారి ముందు చూడండి. యూరియాతో మాగబెట్టడం అన్నింటికంటే చౌక, పైగా ఒకసారి పని చేస్తే కొన్ని వారాల మేత సిద్ధమవుతుంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించాలి. కింద టార్పాలిన్ పరిచి, గడ్డిని పొరలు పొరలుగా వేస్తూ, ప్రతి పొర మీద పూల మొక్కలకు నీళ్లు పోసే డబ్బాతో ద్రావణం సమంగా చల్లుతూ, గాలి పోయేలా గట్టిగా తొక్కాలి. పైన పాలిథిన్ పట్టా కప్పి అంచులను మట్టితో మూసేయాలి. మామూలుగా 21 రోజులకు మాగుతుంది; డిసెంబరు చలిలో నాలుగు వారాలు వదిలేస్తే మంచిది. మాగిన గడ్డి ముదురు గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి, ముక్కు పగిలే అమోనియా వాసన వేస్తుంది. కావలసినంత తీసి గంటా రెండు గంటలు ఆరబోసి, ఘాటు తగ్గాక వేయాలి. మాంసకృత్తుల విలువ 7, 8 శాతానికి పెరుగుతుంది, అరుగుదలా పెరుగుతుంది, గాడిలో మిగిలే గడ్డి తగ్గుతుంది.

మేము రెండు కుప్పలు వేస్తాం. ఒకటి తినిపిస్తుండగా మరొకటి మాగుతూ ఉంటుంది. ఇద్దరు కూలీలను ఒక్క పూట పెట్టుకుంటే సరిపోతుంది కనుక, రోజూ పచ్చిమేత కోసి మోసే శ్రమతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

చేవెళ్ల పాడి:

అన్నా, యూరియా అనగానే మా నాన్నగారు ఒప్పుకోవడం లేదు. యూరియా కలిసిన నీళ్లు తాగి ఊళ్లో ఒకరి ఎద్దు చనిపోయిందని అంటున్నారు.

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్:

మీ నాన్నగారి భయం సరైనదే. కరిగించిన యూరియా నీళ్లు గాని, ఖాళీ సంచి గాని పశువుకు అందితే ప్రాణాంతకం. ద్రావణం కలిపిన తొట్టిని కొట్టం దగ్గర వదిలేయడం వల్లే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. పైపైన యూరియా చల్లి అప్పటికప్పుడు వేయడం కూడా ప్రమాదమే. సరిగా కొలిచి, పూర్తి కాలం మాగబెట్టి, ఆరబోసి వేసిన గడ్డి మాత్రం వేరు. అందులో యూరియా చాలావరకు అమోనియాగా మారి గడ్డిని మెత్తబరచడానికి ఖర్చయిపోయి ఉంటుంది. అయినా మూడు నియమాలు తప్పకూడదు: ఆరు నెలల లోపు దూడలకు వేయకూడదు, మొదటి వారం మామూలు గడ్డిలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయాలి, ఆకలితో నకనకలాడే దూడకు ఒక్కసారిగా వేయకూడదు. యూరియా, మొలాసిస్ (చక్కెర మడ్డి) కలిపి చేసే నాకుడు ఇటుకలకు కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి.

ఇంకొక మాట. ఎండుగడ్డిని ఎంత మాగబెట్టినా దానిలో విటమిన్ ఏ రాదు. రోజుకు రెండు మూడు కిలోల పచ్చిమేత ఏదో రూపంలో పడకపోతే నెలల తరబడి ఎండుమేత తిన్న దూడలకు రేచీకటి వస్తుంది, కళ్ల వెంట నీరు కారుతుంది.

అజొల్లా అభిమాని:

ఇంత శ్రమ ఎందుకు? పెరట్లో పట్టా పరిచి గుంటలో అజొల్లా అనే నీటి మొక్క వేస్తే రోజూ ఉచితంగా మాంసకృత్తులు దొరుకుతాయి కదా. 20 శాతానికి పైగా ఉంటాయని అందరూ చెబుతారు.

కందుకూరు తోట:

ఆ శాతం ఎండు అజొల్లాది. కిలో పచ్చి అజొల్లాను ఎండబెడితే 50 నుంచి 70 గ్రాములు మిగులుతుంది, అందులో మాంసకృత్తులు 12 నుంచి 15 గ్రాములు. అంత మాంసకృత్తుల కోసం వేరుశనగ చెక్క 35 గ్రాములు వేస్తే చాలు. ఆ గుప్పెడు చెక్క కోసం రోజూ గుంట దగ్గరికి వెళ్లి, జల్లెడతో తీసి, పేడ వాసన పోయేదాకా కడిగి, వారానికొకసారి పేడ నీళ్లు, సూపర్ ఫాస్ఫేట్ వేసి, నెలకొకసారి మట్టి మార్చే ఓపిక ఉన్నవారు కోళ్లకు వేసుకుంటే అర్థం ఉంది. తక్కువ పని కావాలని అడిగినవారికి ఇది చెప్పడం న్యాయం కాదు.

నేను గట్టు మీద దశరథ గడ్డి వేయమంటాను. ఒకసారి నిలదొక్కుకుంటే కొన్నేళ్లు ఉంటుంది. తొలి కోత మూడు నెలలకు, తరువాత ప్రతి 40, 45 రోజులకు వస్తుంది. విత్తనం పెంకు గట్టిది కనుక పొయ్యి మీద నుంచి దించిన వేడి నీళ్లలో కొద్ది నిమిషాలు ఉంచి, ఆరబెట్టి చల్లాలి. గట్టున అవిశ, సుబాబుల్ కూడా నాటితే కొమ్మలు నరికి కొట్టంలో వేలాడదీయవచ్చు, దూడలే ఆకు దూసుకుంటాయి. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కనుక మేతలో మూడో వంతు మించనివ్వకండి. మించితే వెంట్రుకలు రాలడం మొదలవుతుంది.

నీళ్లున్న పది గుంటల్లో లూసర్న్ వేయగలిగితే దూడల పచ్చిమేత సమస్య తీరినట్లే. రెండు, రెండున్నర కిలోల విత్తనం పడుతుంది. అక్టోబరులో వేసినవారికి సంక్రాంతి లోపే తొలి కోత దొరుకుతుంది, ఇప్పుడు వేస్తే జనవరి చివరకు వస్తుంది. తరువాత ప్రతి 25, 30 రోజులకు కోయవచ్చు. కోతకు ఎకరానికి మూడు టన్నుల లెక్కన పది గుంటలకు ఏడు వందల కిలోల పైచిలుకు, అంటే రోజుకు పాతిక కిలోలు. మీ ఎనిమిది దూడలకు తలా మూడు కిలోలు. మంచు ఆరాక కోసి, ఎండుగడ్డితో కలిపి వేయండి. తడి లూసర్న్ ఒక్కటే కడుపు నిండా తింటే పొట్ట ఉబ్బుతుంది.

ఒమాహా తెలుగు:

మాది షాద్‌నగర్ వైపు. ఇప్పుడు అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఉంటున్నాను. ఇక్కడి రైతులు చలికాలంలో దూడలకు చేసే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మొక్కజొన్న కోసిన చేలలోకి పశువులను వదిలేస్తారు. అవి రాలిన కంకులు, కంకి మీది పొరలు, ఆకులు ఏరుకు తింటాయి, కాండం జోలికి పోవు. మరికొందరు మంచు పడకముందే గుండ్రటి గడ్డి చుట్టలను పొలమంతా దూరం దూరంగా పెట్టి, కరెంటు తీగ కంచెను వారానికి కొంత జరుపుతూ పోతారు. పేడ ఎత్తే పని లేదు, అది అక్కడే ఎరువవుతుంది. మాంసకృత్తుల కోసం ఇథనాల్ కర్మాగారాల నుంచి వచ్చే పిప్పిని రోజూ కాక వారానికి మూడుసార్లే వేస్తారు. మన దగ్గర ఇవి సాధ్యమేనా?

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్:

మంచి సంగతులు చెప్పారు. ముందు ఒక తేడా గమనించాలి. అక్కడి మాంసపు జాతుల దూడ ఆరేడు నెలలు తల్లి వెంట పాలు తాగి, 200 కిలోలు దాటాక విడిపోతుంది. మన పాడి కొట్టాల్లో మూడు నెలలకే పాలు మాన్పిస్తారు. అక్కడ పాలు మాన్పిన దూడ అంటే మన ఏడాది దాటిన పెయ్యతో సమానం. కాబట్టి ఆ పద్ధతులను ఇక్కడి చిన్న దూడలకు అన్వయించకూడదు.

వారానికి మూడుసార్లు వేసే పద్ధతి మాత్రం ఆరు నెలలు దాటినవాటికి ఆలోచించదగినదే. పశువు తన రక్తంలోని యూరియాను తిరిగి పొట్టలోకి పంపుకోగలదు, అందువల్ల చెక్కల రూపంలో ఇచ్చిన మాంసకృత్తుల ప్రభావం ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. వారం మొత్తానికి ఎంత వేయాలో అంతే ఉంచి మూడు భాగాలు చేయాలి. ఎదిగే దూడల్లో బరువు పెరగడం కాస్త తగ్గవచ్చు. అయితే ఇది వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క వంటి వాటికే. మొక్కజొన్న, తవుడు, నూక వంటి పిండి పదార్థాలను రెండు రోజులవి కలిపి ఒక్కసారి పోస్తే పొట్టలో ఆమ్లం పెరిగి దూడ పడిపోతుంది. యూరియా కలిసిన దాణాను ఎన్నడూ అలా వేయకూడదు. పత్తిగింజల చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది కనుక చిన్న దూడలకు అది అసలే వద్దు.

మేడ్చల్ గేదెలు:

డాక్టరు గారి మాటకు అడ్డు చెప్పడం కాదు గాని, పాలు పితకడానికి పొద్దునా సాయంత్రమూ కొట్టంలోకి వెళ్లక తప్పని ఇంట్లో రెండు చేటల చెక్క వేయడం పెద్ద పనేమీ కాదు. మంచు మైళ్ల మేర పరుచుకున్న చోట ట్రాక్టరు వేసుకుని వెళ్లేవాడికి అది ఆదా అవుతుంది. మన దగ్గర మనిషిని అలసటకు గురిచేసేది మోత: గడ్డి మోయడం, నీళ్లు మోయడం, పేడ ఎత్తడం. దూడలను గుంజలకు కట్టడం మానేసి, విడిగా తిరిగేలా కంచె వేసి, గడ్డివామును ఆ కంచెకు ఆనుకొని పెట్టుకుంటే సగం మోత పోతుంది. తలా అర మీటరు లెక్కన నాలుగు మీటర్ల గాడి కట్టించి, మూడు అంగుళాల లోపు ముక్కలుగా నరికిన గడ్డిని రెండు రోజులకు సరిపడా నింపవచ్చు. నరకకుండా వేసిన జొన్న చొప్పలో దూడలు ఆకులు దూసుకుని మోకాలెత్తు కాడలు వదిలేస్తాయి. వాటిని ఏరి బయట పారేయడం మళ్లీ ఒక పని. నీళ్ల తొట్టికి బంతి కవాటం (తొట్టి నిండగానే నీళ్లు ఆపే వాల్వు) బిగించి, పదిహేను రోజులకొకసారి సున్నం కొడితే చాలు.

ఘట్‌కేసర్ కొట్టం:

పాతర గడ్డి (గాలి తగలకుండా మాగబెట్టిన పచ్చిమేత, సైలేజీ) సంగతి ఎవరూ చెప్పలేదు. పాల గింజ గట్టిపడే దశలో మొక్కజొన్న కోసి పాతర వేస్తే 45 రోజులకు తయారవుతుంది. తక్కువ పనికి అంతకంటే మంచిది లేదని నా అభిప్రాయం.

కందుకూరు తోట:

ఎనిమిది దూడలకు గొయ్యి వద్దు. తలా నాలుగు కిలోల లెక్కన రోజుకు 32 కిలోలే తీస్తారు. పాతర తెరిచాక ముఖం మొత్తం మీద రోజూ నాలుగంగుళాల మందం తీయకపోతే గాలి చొరబడి వేడెక్కి బూజు పడుతుంది. మీటరున్నర వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న చిన్న గొయ్యిలో కూడా నాలుగంగుళాలంటే దాదాపు క్వింటాలు. మిగిలిన పశువులకూ అదే వేస్తే తప్ప ఇది కుదరదు. గాలి చొరబడని సంచుల్లో నింపిన పాతర గడ్డి కొంటే రోజుకొక సంచి తెరుచుకోవచ్చు. ధర చూసేటప్పుడు ఎండు పదార్థం లెక్కన చూడండి: అందులో మూడింట రెండొంతులు నీరే కనుక, కిలో ఆరు రూపాయలని చెబితే ఎండు పదార్థం కిలోకు మీరు నిజంగా ఇస్తున్నది పద్దెనిమిది.

చేవెళ్ల పాడి:

అందరికీ ధన్యవాదాలు. అమ్మానాన్నలతో మాట్లాడాక ఇలా అనుకుంటున్నాం. చిన్న దూడలు మూడింటికి ఇంటి దాణా, నేపియర్ లేత ఆకు. పెద్దవి అయిదింటికి నరికిన వరిగడ్డి, రోజుకు కిలో లోపు చెక్కా తవుడూ, ఖనిజ లవణం 30 గ్రాములు. సంక్రాంతికి కంది పొట్టు, ఆ తరువాత పల్లికట్టె. బోరు పక్కన పది గుంటల లూసర్న్ ఈ వారమే వేస్తాం. యూరియా కుప్ప ఒకటి చిన్నది వేసి చూస్తామని నాన్నగారు ఒప్పుకున్నారు, ద్రావణం ఆయనే కలుపుతారట. నగరం నుంచి వస్తూ ఫంక్షన్ హాళ్లలో మిగిలిన అన్నం తేవచ్చా అని మా బావ అడుగుతున్నాడు. అలాగే గత పంట జొన్న మోళ్ల నుంచి మోకాలెత్తు పిలకలు వచ్చాయి, పచ్చగా ఉన్నాయి కదా, దూడలను అందులోకి వదలవచ్చా?

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్:

రెండూ వద్దు. మిగిలిన అన్నం తట్టలకొద్దీ తిన్న పశువుకు మరునాటికే పొట్ట ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లు అందక వాడిన జొన్న పిలకల్లో నాము అనే విషం ఉంటుంది. అందులోని సైనైడు నిమిషాల్లో చంపుతుంది. తడి పెట్టి, పూతకు వచ్చాక కోసి, ఆరబెట్టి వేయండి. పొరపాటున తిన్న దూడ ఎగశ్వాస పెడితే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి పిలవండి; సోడియం థయోసల్ఫేట్ అనే విరుగుడు మందు నరంలోకి ఎక్కిస్తే బతికే అవకాశం ఉంటుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఉన్న పెయ్యలకు బ్రూసెల్లా (ఈడ్చుకుపోయే రోగం, అంటే గర్భస్రావ వ్యాధి) టీకా జీవితంలో ఒక్కసారే వేస్తారు, ఆ వయసు దాటితే వేయరు. మీ చిన్నవాటికి ఈ నెలలోనే వేయించండి.

తాండూరు మెట్ట:

కంది పొట్టు కావాలంటే నూర్పిడి యంత్రం వచ్చే రోజు ముందే తెలుసుకుని రైతుకు చెప్పి ఉంచండి. సంచులు మీరే తెచ్చుకోవాలి, గోనె సంచులు కాక పెద్ద నెట్ సంచులైతే ట్రాక్టరులో ఎక్కువ పడతాయి. మా పక్క ఊళ్లో జనవరి మొదటి వారంలో నూర్పిళ్లు ఉన్నాయి. తేదీ ఖాయమవగానే ఇక్కడే రాస్తాను.